బాగుచేసిన చేతులదే విమానం



వార్షికోత్సవ సంచిక అనగానే పూర్వ విద్యార్థులు చదువు గురించో, క్రమశిక్షణ గురించో నాలుగు మంచి మాటలు రాస్తారని మీరు అనుకుంటారు. ఈసారి మేము పాత యుద్ధ విమానాల గురించి రాస్తున్నాం. బస్ పాస్ కోసం వరసలో నిలబడే మనకు 80 ఏళ్ళనాటి విమానాలతో ఏం పని అని నవ్వకండి. చివరిదాకా చదివితే ఇది మన సంగతేనని మీకే తెలుస్తుంది.

మా బ్యాచ్‌లో విమానాల పిచ్చి ఉన్నవాళ్ళం నలుగురైదుగురం ఉండేవాళ్ళం. స్టడీ అవర్ అయ్యాక లైబ్రరీలో అట్ట ఊడిన పుస్తకం ముందేసుకుని స్పిట్‌ఫైర్ గొప్పదా, హరికేన్ గొప్పదా అని వాదించుకునేవాళ్ళం. అప్పుడు అందరం స్పిట్‌ఫైర్ పక్షమే. దాని రెక్కల అందం అలాంటిది. తరువాత మాలో కొందరు ఐ.టి.ఐ. చదివి ఫిట్టర్లు, మెకానిక్కులు అయ్యారు. చేతులకు గ్రీజు అంటాక మా అభిప్రాయం మారింది. ఎందుకు మారిందో చెబుతాం.

రెండూ బ్రిటన్ విమానాలే. హరికేన్ 1935 నవంబరు 6న, స్పిట్‌ఫైర్ 1936 మార్చి 5న మొదటిసారి ఎగిరాయి. 1940 నాటికి రెండింటిలో ఉన్నదీ రోల్స్ రాయిస్ వారి మెర్లిన్ ఇంజనే. రెండింటి రెక్కల్లోనూ ఎనిమిదేసి మెషిన్ గన్లే. తేడా అంతా ఒంట్లో ఉంది. స్పిట్‌ఫైర్ ఒంటికి పల్చని లోహపు రేకు. ఆ రేకే విమానానికి బలం కూడా. హరికేన్ లోపల ఉక్కు గొట్టాల చట్రం, దానిమీద చెక్క బద్దలు, వెనుక భాగమంతా బిగించి కప్పిన నారబట్ట, ఆ బట్టకు పూత. అందుకే స్పిట్‌ఫైర్ గంటకు దాదాపు 50 కిలోమీటర్లు ఎక్కువ వేగంతో పోయేది. హరికేన్ మాత్రం పాతకాలపు పనితనం.

అయితే 1940లో జర్మన్ విమానాలు బ్రిటన్ మీద విరుచుకుపడినప్పుడు జరిగిందేమిటి? బ్రిటిష్ ఫైటర్ విమానాలు కూల్చిన వాటిలో సగానికి పైగా హరికేన్ల ఖాతాలోనివే. సంఖ్యలో అవే ఎక్కువ. పైగా దెబ్బ తిన్నా త్వరగా కోలుకునేవి. తూటా బట్టలో దూరి అవతలికి పోతే దానికి అతుకు వేసి, పూత పూసి మళ్ళీ పంపేవారు. స్పిట్‌ఫైర్ రేకు చిరిగితే ఆ పని అంత సులువు కాదు. మన వైమానిక దళం కూడా బర్మా యుద్ధంలో హరికేన్లే నడిపింది. 1944లో ఇంఫాల్ పోరులో అర్జన్ సింగ్ నాయకత్వం వహించిన ఒకటో స్క్వాడ్రన్ వాటితోనే పోరాడింది. అయినా పేరు స్పిట్‌ఫైర్‌కు, చాకిరీ హరికేన్‌కు. ఇలాంటి పంపకం మన ఊళ్ళల్లో మనకు కొత్తదేమీ కాదు.

పునరుద్ధరణ దగ్గరికి వచ్చేసరికి కథ అడ్డం తిరిగింది. యుద్ధంలో సులువుగా బాగుపడిన హరికేన్‌ను ఈనాడు బాగుచేయడమే కష్టం. ఉక్కు రేకును పలకలు పలకలుగా మలిచి చేసిన దాని రెక్క దూలాల్లాంటివి తయారుచేసే యంత్రాలు ఏనాడో పోయాయి. ముందు ఆ పనిముట్లనే మళ్ళీ తయారుచేసుకోవాలి. ఇప్పుడు ప్రపంచంలో ఎగురుతున్న స్పిట్‌ఫైర్లతో పోలిస్తే హరికేన్లు బాగా తక్కువ. 1991లో బ్రిటన్ వైమానిక దళం స్మారక విభాగానికి చెందిన ఒక హరికేన్ నేలకూలి కాలిపోయింది. దాన్ని బాగుచేయడానికి డబ్బు కావాల్సి వస్తే ఆ విభాగం తన దగ్గరున్న ఒక స్పిట్‌ఫైర్‌ను అమ్మేసింది. 1998లో ఆ హరికేన్ మళ్ళీ ఎగిరింది. అందగత్తెను అమ్మి పనిమంతురాలిని బతికించుకున్నారన్నమాట. ఈ నిర్ణయానికి మేము చేతులెత్తి నమస్కరిస్తాం.

ఇక అసలు విషయం. 1940 యుద్ధంలో 49 సార్లు గాలిలోకి లేచి, ఐదు శత్రు విమానాలను కూల్చడంలో పాలుపంచుకున్న ఆర్4118 అనే హరికేన్ ఒకటి ఉంది. 1943 చివర దాన్ని ఓడలో మన దేశానికి పంపారు. 1947లో ఇంజనీరింగ్ విద్యార్థులు నేర్చుకోవడానికని బనారస్ హిందూ విశ్వవిద్యాలయానికి ఇచ్చారు. గమనించండి, మ్యూజియానికి కాదు, విద్యార్థులకు ఇచ్చారు. 1982లో పీటర్ వాషర్ అనే ఇంగ్లాండు ఆయన చూసేనాటికి అది ఆరుబయట పడి ఉంది. ఆయన దాన్ని మరచిపోలేదు. ఏళ్ళ తరబడి తిరిగి, ఒప్పించి, కొని, 2001లో ఇంగ్లాండుకు తీసుకుపోయాడు. 2004 డిసెంబరు 23న అది మళ్ళీ ఎగిరింది.

తెల్లవాళ్ళు మన దగ్గరున్నది పట్టుకుపోయారని ఉడుక్కోవడం తేలిక. మాకూ మొదట అలాగే అనిపించింది. కానీ మా హాస్టల్లో జరిగిన ఒక సంగతి గుర్తొచ్చి నోరు మూసుకున్నాం. ఒక దాత మా పిల్లలకని కంప్యూటర్ ఇచ్చారు. కొబ్బరికాయ కొట్టి, బొట్టు పెట్టి, ఫోటో దిగారు. తరువాత పిల్లలు పాడుచేస్తారని గుడ్డ కప్పి గదికి తాళం వేశారు. మేము పదో తరగతి పాసై వెళ్ళేనాటికి ఎలుకలు దాని వైర్లు కొరికేశాయి. మాలో ఒక్కరం కూడా దాని మీట నొక్కి ఎరగం. వాడితే పాడవుతుందని భయపడ్డారు గానీ వాడకపోవడం వల్లే పాడయింది.

కాబట్టి మా అభిప్రాయం ఇది: యంత్రం ఎవరి పేరున ఉన్నా, బాగుచేసే చేతులదే అది. ఆ చేతులు మనవి కానప్పుడు వస్తువు మన గడ్డమీద ఉన్నా మనది కాదు.

పేరు సంగతి కూడా ఒక మాట. అదే 1940 యుద్ధంలో స్పిట్‌ఫైర్లు నడిపిన బ్రిటిష్ 152వ స్క్వాడ్రన్ పేరు 'హైదరాబాద్'. నిజాం ఇచ్చిన విరాళానికి గుర్తుగా ఆ పేరు పెట్టారు. దాని చిహ్నంలో నిజాం తలపాగా ఉంది. ఆ ఖజానా నిండింది మాత్రం శిస్తు కట్టిన రైతు చెమటతో. సొమ్మొకడిది, సోకొకడిది! అలాగే పాత విమానం బాగుచేసినప్పుడు పక్కన పైలట్ పేరు రాస్తారు. రాత్రంతా మేలుకుని అతుకులు వేసిన ఫిట్టర్ పేరు రాసేది అరుదు. పునరుద్ధరణ అంటే రంగు వేయడమే కాదు. మరుగునపడ్డ ఆ పేర్లను వెలికితీయడం కూడా అందులో భాగమే.

ఇదంతా ఇప్పుడెందుకంటే, 2025 సెప్టెంబరు 26న మన వైమానిక దళం మిగ్-21 విమానాలకు వీడ్కోలు చెప్పింది. 1963లో వచ్చి 1971 యుద్ధంలో పోరాడిన విమానమది. దాని ఒళ్ళు నాసిక్‌లో, ఇంజను కోరాపుట్‌లో తయారైతే, ఎలక్ట్రానిక్ పరికరాల కోసమే 1965లో హెచ్.ఎ.ఎల్. హైదరాబాదు విభాగం పుట్టింది. అంటే అందులో మన దగ్గరి కార్మికుల చేతిపనీ ఉంది. ఇకమీదట వాటిలో కొన్నిటిని కూడళ్ళలో దిమ్మెల మీద నిలబెడతారు. ఎండకు ఎండి, వానకు తడిసి, రంగు వెలిసేదాకా వాటి కింద సెల్ఫీలు దిగుతాం. అంతేనా?

కొన్నింటినైనా ఐ.టి.ఐ.లకూ పాలిటెక్నిక్‌లకూ ఇవ్వాలని మేము కోరుతున్నాం. అయితే ఊరికే ఇస్తే బనారస్ కథే మళ్ళీ జరుగుతుంది. పైన కప్పు ఉండాలి. ఏటా కొంత డబ్బు ఉండాలి. నేర్పే మాస్టారు ఉండాలి. ఏ విద్యార్థి ఏ భాగం విప్పాడో, ఎలా బిగించాడో పేరుతో సహా రాసే పుస్తకం ఉండాలి. ఎగిరించమని అడగడం లేదు, అది కోట్ల ఖర్చు. విప్పి బిగించడం నేర్పితే చాలు. యుద్ధ యంత్రాలకు దండలు వేయమని కూడా మేము అనడం లేదు. చంపడానికి చేసిన యంత్రం చదువు చెప్పడానికి పనికొస్తే అంతకంటే మంచి రిటైర్మెంట్ దానికేముంటుంది?

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! విమానం మన హాస్టల్‌కు రావడానికి చాలా కాలం పట్టవచ్చు. ఈలోగా ఒక పని చేద్దాం. స్టోర్ రూములో మూలనపడ్డ ఫ్యాన్లు, కుట్టుమిషన్లు, సైకిళ్ళు ఏవైనా ఉంటే చెప్పండి. వచ్చే ఆదివారం పానాలు, స్క్రూడ్రైవర్లు పట్టుకుని మేమే వస్తాం. మీరూ చేతులు కలపండి. ముందు తాళం తీయించండి చాలు.

– పూర్వ విద్యార్థుల బృందం