తప్పు పేరు చెప్పే డీబగ్గర్

కెర్నెల్ పడిపోయినప్పుడు మనకి దక్కేది ఒక అడ్రసు. పదహారంకెల హెక్స్ నంబరు. దాన్ని చూసి ఎవరూ ఏమీ అనరు. దానికో ఫంక్షన్ పేరు తగిలించి చూడండి, మీటింగులో తలకాయలన్నీ ఒకే వైపు తిరుగుతాయి. ఈ పేరు తగిలించే పనిని మనవాళ్ళు మరీ తేలిగ్గా తీసుకుంటున్నారన్నది నా గోల.

హైదరాబాద్ నుంచి విజయవాడ బస్సెక్కినవాడికి ఫోన్ చేసి ఎక్కడున్నావురా అంటే "సూర్యాపేట దాటాం" అంటాడు కదా. సింబల్ టేబుల్లో వెతకడమంటే అదే. అడ్రసుల్ని వరసగా పేర్చుకుని, మన నంబరుకి సమానంగానో దానికి కిందగానో ఉన్నవాటిలో పెద్దదాన్ని బైనరీ సెర్చ్‌తో పట్టుకుని, అక్కణ్ణుంచి ఎంత దూరమో పక్కన రాస్తారు. ఇంతవరకూ బానే ఉంది. ఇప్పుడు అవే కిలోమీటర్లని బెంగుళూరు రోడ్డు లిస్టులో పెట్టి చూడండి. జడ్చర్లో కర్నూలో, ఏదో ఒకటి తప్పకుండా వస్తుంది. "దొరకలేదు" అని మాత్రం రాదు. చిక్కంతా అక్కడే.

పోయినేడాది మా దగ్గర జరిగింది. చిన్న బోర్డు మీద నడిచే లినక్సు. మెమరీ మిగుల్తుందని కాల్‌సిమ్స్ ఆఫ్ చేసి బిల్డ్ చేశారు, కాబట్టి క్రాష్ లాగ్‌లో ఒట్టి నంబర్లే. వాటిని సిస్టమ్ మ్యాప్ ఫైల్లో వెతికి పేర్లిచ్చే స్క్రిప్టు ఒకటుంది మాకు. కస్టమర్ దగ్గర పానిక్ వచ్చింది, స్క్రిప్టు పేరు చెప్పింది. ఆ ఫంక్షను మా టీంలో చేరి ఆర్నెల్లయిన అమ్మాయిది. "ఏమ్మా, నీ డ్రైవరేనట కదా" అన్నారు మేనేజరు గారు. కస్టమర్ని కూడా కలిపి మెయిలు వెళ్ళిపోయింది. శని ఆదివారాలు ఆ పిల్ల తన కోడు లైను లైనూ చదువుకుంది, అందులో ఏమీ లేదు. ఏమీ లేదని చెప్తే నమ్మినవాళ్ళూ లేరు. నేనూ నమ్మలేదు, ఇప్పుడు దాచుకోవడం ఎందుకు.

సోమవారం రాత్రి లాగ్‌లో "కోడ్" అని ఉండే లైను చూశాను. పడిపోయిన చోటి ఇన్‌స్ట్రక్షన్లు హెక్స్‌లో అక్కడ ఉంటాయి. మన దగ్గరున్న విఎమ్‌లినక్సుని ఆబ్జ్‌డంప్ చేసి అదే అడ్రసు దగ్గర పోల్చితే ఒక్కటీ కలవలేదు. తీరా చూస్తే బోర్డులో ఉన్నది ఒక కాన్ఫిగ్ ఆప్షన్ మార్చి మళ్ళీ చేసిన బిల్డు. వెర్షన్ నంబరు మాత్రం అదే! అసలు మ్యాప్ ఫైలు వెతికి పట్టుకుంటే పేరు మారింది. ఒక టైమర్ కాల్‌బ్యాక్. రాసింది నేనే. :(

ఇది కొత్త జబ్బేం కాదు. 2.4 కెర్నెల్ రోజుల్లో కెసిమ్‌ఊప్స్ అనే టూలు వాడేవాళ్ళు, దానికి తప్పు సిస్టమ్ మ్యాప్ ఇస్తే తప్పు పేర్లు హాయిగా అచ్చేసేది. ఆ బాధ పడలేకే టేబుల్ని కెర్నెల్లోనే పెట్టి, పేర్లు అదే చెప్పుకునేట్టు చేశారు. విండోస్ వాళ్ళ విన్‌డిబిజి ఈ విషయంలో మొదట్నుంచీ కాస్త పద్ధతిగా ఉంటుంది. పిడిబి ఫైల్లోని గుర్తు మాడ్యూల్‌తో కలవకపోతే, మనం పనిగట్టుకుని బలవంతం చేస్తే తప్ప, లోడ్ చెయ్యదు. లినక్సులో క్రాష్ అనే టూలు కూడా డంపూ విఎమ్‌లినక్సూ కలవకపోతే గొడవ చేస్తుంది. అంటే దారి తెలియక కాదు, మన సొంత స్క్రిప్టుల్లో బద్ధకం.

సరైన టేబులున్నా అంతా శుభం అనుకోకండి. కాల్‌సిమ్స్‌లో ఫంక్షన్ సైజు అని కనపడేది నిజానికి తర్వాతి సింబల్ దాకా ఉన్న దూరం. స్టాటిక్ ఫంక్షన్లు ఒకే పేరుతో నాలుగు ఫైళ్ళలో ఉండొచ్చు, పేరు చెప్పి బ్రేక్‌పాయింట్ పెడితే ఏదానికి పడిందో చూసుకోవాలి. ఇంకోటి, పానిక్ లాంటి తిరిగిరాని ఫంక్షన్‌ని చివర్లో పిలిస్తే, స్టాక్‌లో ఉన్న రిటర్న్ అడ్రసు పక్కింటి ఫంక్షన్ మొదట్లో పడొచ్చు. అందుకే బ్యాక్‌ట్రేస్ అచ్చేసేటప్పుడు ఒకటి తగ్గించి వెతుకుతారు. మా స్క్రిప్టులో అదీ లేదు.

"ఏదో ఒక పేరు రావడం నయం కదా, అనుభవం ఉన్నవాడు అనుమానిస్తాడులే" అని సీనియర్లు అంటారు. రాత్రి రెండింటికి, కస్టమర్ లైన్లో ఉండగా, ఎవరు అనుమానిస్తారండీ? నంబరైతే అందరూ తలగోక్కుంటారు, పేరైతే అక్కడితో వెతకడం ఆపేస్తారు. నా లెక్కలో తప్పు పేరు కన్నా ఒట్టి నంబరే మేలు.

చెయ్యాల్సింది పెద్ద పనేం కాదు. లింకరు ప్రతి బిల్డుకీ బిల్డ్ ఐడి వేస్తుంది. 2021లో వచ్చిన 5.14 నుంచి స్టాక్ ట్రేస్‌లో దాన్ని అచ్చేసే ఆప్షనూ ఉంది. కస్టమర్ చేతికి పోయే ప్రతి బిల్డు విఎమ్‌లినక్సునీ ఆ ఐడి పేరుతో దాచుకోవాలి, కలవకపోతే టూలు పేరు చెప్పకూడదు. డిస్కు ఖర్చంటారా, ఆ శని ఆదివారాల జీతం కన్నా తక్కువే.

స్క్రిప్టు మార్చాను. ఐడి కలవకపోతే నంబర్లు మాత్రమే ఇస్తుందిప్పుడు. "ఇంతకుముందు పేర్లొచ్చేవి కదా, ఎందుకు పాడుచేశావ్" అని ఇప్పటికి ముగ్గురడిగారు. ఆ అమ్మాయి పేరు సరిచేస్తూ కస్టమర్‌కి మెయిలు మాత్రం ఇంకా ఎవరూ పంపలేదు.