పేరులేని రాయబారులు

రాయబారమనగా మన గోదావరి మండలములవారికి మొదట తలపునకు వచ్చునది నాటకరంగము. తిరుపతి వేంకటకవుల పాండవ నాటకములు ఆడని తిరునాళ్లు ఈ డెల్టాలో చిరకాలము లేకుండెను. పామరుడు సైతము శ్రీకృష్ణుని రాయబారమును తలయూచుచు వినును. కాని ఆ మహారాయబారమునకు ముందు సంజయుని రాయబారమొకటి నడచినది. ధృతరాష్ట్రుడు సంజయునకు తియ్యని మాటలు కావలసినన్ని మూటగట్టి యిచ్చెను. ఒక్క గ్రామమునైనను ఇత్తునని చెప్పు అధికారము మాత్రము ఈయలేదు. పాండవులు సంజయుని ఆదరించిరి, అతని మాటలు వినిరి, మర్యాదతో పంపివేసిరి. మాటలాడుటకు మనిషి గలడు, మాటకు పూచీపడువాడు లేడు. రాజ్యములమధ్య నేడు నడచుచున్న అనధికార దౌత్యములో అధికభాగము ఈ తరగతిలోనిదే యని మా యభిప్రాయము. దానిని గూర్చి మా పాఠకులు కొంత యోచింపవలసిన కారణమిప్పుడు కలిగినది.

1949 డిసెంబరు 30వ తేదీన భారత ప్రభుత్వము పెకింగులోని నూతన చీనా ప్రభుత్వమును గుర్తించెను. నాటినుండి తైవాను దీవిలోని ప్రభుత్వముతో మనకు విధ్యుక్తమైన సంబంధము లేదు. అక్కడ మన రాయబారి లేడు, ఢిల్లీలో వారి రాయబారి లేడు. అయినను 1995లో, మన తెలుగువారగు పి.వి. నరసింహారావుగారు ప్రధానమంత్రిగా నున్న కాలమున, తైపే నగరమున ‘ఇండియా తైపే అసోసియేషన్’ అను పేర నొక కార్యాలయమును, ఢిల్లీలో ‘తైపే ఆర్థిక సాంస్కృతిక కేంద్రము’ అను పేర మరియొకటియు వెలసెను. 2012లో చెన్నపట్టణమునను అట్టి కేంద్రమొకటి తెరువబడెను. పేరు చూచినవారికి ఇవి ఏ వర్తకసంఘములో, ఏ గాంధర్వసభలో యనిపించును. కాని ప్రయాణపు ముద్రలు వేయునవి యివియే, ఒడంబడికలు వ్రాయునవి యివియే. 2024 ఫిబ్రవరి 16వ తేదీన భారతీయ కార్మికులను తైవానునకు పంపుటనుగూర్చిన యొప్పందముమీద సంతకములు చేసినవియు ఈ రెండు కార్యాలయములే. ఏయే వృత్తులలో, ఎంతమందిని తీసికొనవలయునో తైవాను నిర్ణయించును. మనుష్యులను సమకూర్చి తర్ఫీదునిచ్చు భారము మనది.

ఇది ఎక్కడనో జరిగిన సంగతి యని పఠనమందిరములో పత్రికను మడచి పెట్టువారికి ఒక మాట. పరదేశమునకు కూలికి పోవుట ఈ తీరమునకు పూర్వమునుండి యున్నదే. 1828లో యానాము రేవునుండి తెలుగు కూలీలు ఫ్రెంచివారి బూర్బను దీవికి పంపబడిరి. ఆ దీవినే ఇప్పుడు రీయూనియన్ అనుచున్నారు. కోరంగి రేవునుండి పోయిన మనవారిని బర్మాలో జాతిపేరు విచారింపకయే ‘కోరంగీ’లనిరి. ఇప్పటి తరమున రాజోలు, అమలాపురము, నరసాపురము తాలూకాలనుండి కువైటునకు, మస్కటునకు పోయిన స్త్రీపురుషులు వేలకొలదిగా నున్నారు. ఆ దేశములలో మన రాయబార కార్యాలయములు గలవు, జెండా గలదు, అధికారులు గలరు. అంతయు నుండియు జీతము రాని యింటిపని మనిషి, పాస్‌పోర్టు యజమాని పెట్టెలో చిక్కిన డ్రైవరు పడు పాట్లు మనమెరిగినవే. రాయబారియే లేని దేశమున మన పిల్లవానికి కష్టము వచ్చినప్పుడు ఎవరి తలుపు తట్టవలెను?

అనధికార దౌత్యమే కూడదని మేము వాదింపము. గుర్తింపు లేని ప్రభుత్వముతో మాటలే యాడరాదను ప్రతిజ్ఞ వినుటకు గంభీరముగా నుండును గాని, దానివలన సరకు ఆగును, ఉత్తరములు ఆగును, చెరలో చిక్కినవాడు చెరలోనే యుండును. ఇజ్రాయేలును మనము 1950 సెప్టెంబరులోనే గుర్తించితిమి. పూర్ణ సంబంధము నెలకొన్నది 1992 జనవరి 29న. నడుమనున్న నలుబదియొక్క సంవత్సరములలో బొంబాయిలో వారి కాన్సలు కార్యాలయమొకటి మాత్రమే తలుపు ఓరగా తెరచి కూర్చుండెను. ఆ యోర తలుపు లేకున్న పెద్ద తలుపు అంత సులువుగా తెరువబడియుండదు. మా ఆక్షేపణ వేరు. ఇట్టి దూతల యధికార మెంతయో, వారి మాటకు పూచీ ఎవరిదో ముందు వ్రాసియుంచకున్న, తరువాత నష్టపడువారు ఆ దూతలును కారు, వారిని పంపిన ప్రభువులును కారు. ఈ దేశపు చరిత్రయే దీనికి సాక్ష్యము.

రాజమహేంద్రవరము ఇంగ్లీషువారి చేతికి ఎట్లు పోయినదో జ్ఞాపకము చేసికొందము. 1765లో క్లైవు ఢిల్లీ పాదుషా షాఆలమువలన ఉత్తర సర్కారులకు ఫర్మానా పొందెను. కాని సర్కారులు నిజాము ఆలీ చేతిలో నుండెను. పాదుషా కాగితమును నిజాము లెక్కచేయలేదు. అప్పుడు కుంపిణీకిని నిజాము దర్బారునకును నడుమ మాటలు నడపినవాడు రాజమహేంద్రవరపు దుబాసీ కాండ్రేగుల జోగిపంతులు. అతడు కుంపిణీ సేనానియు కాడు, కౌన్సిలు సభ్యుడును కాడు. రెండు భాషలు, రెండు దర్బారుల మర్యాదలు తెలిసినవాడు. 1766 నవంబరు 12న హైదరాబాదులో సంధి జరిగెను. 1768 మార్చి 1వ తేదీనాటి రెండవ సంధితో నిజాము సర్కారులమీది హక్కును వదలుకొనెను. దుబాసీ చాతుర్యమును మేము తక్కువ చేయము. కాని ఆ సంభాషణలలో కోనసీమ రైతును, కాకినాడ వర్తకుని, పెద్దాపురము జమీలోని ప్రజను ఎవరైన నొక్క మాట యడిగిరా? అడుగు ఆచారమే ఆ కాలమున లేదందురు. నిజమే. తరువాతి కాలమున వచ్చినదా యనునదియే ప్రశ్న.

1947–48 నాటి హైదరాబాదు వ్యవహారము ఇంతకంటె స్పష్టమైన పాఠము. బ్రిటిషు సార్వభౌమత్వము తొలగిన పిమ్మట తాను స్వతంత్రుడనగుదునని నిజాము 1947 జూనులో ఫర్మానా వెలువరించెను. ఎనుబది రెండువేల చదరపు మైళ్ల రాజ్యము, కోటి అరువది లక్షల ప్రజలు, అందు ఎనిమిది జిల్లాలు తెలంగాణము. మన మండలమునకు అది దూరదేశము కాదు. భద్రాచలము ఆనాడు తూర్పుగోదావరిలోనిది. నదికి ఆవలి గట్టున బూర్గంపహాడు నిజాముది. చింతలపూడి మనది, అశ్వారావుపేట వారిది. ఒకే నీటిలో స్నానముచేయు రెండు గట్లవారికి రెండు ప్రభుత్వములు. వాని నడుమ రాయబార సంబంధమున్నదనుటకు వీలులేదు, లేదనుటకును వీలులేదు.

ఢిల్లీకిని హైదరాబాదునకును కాగితములు మోసినవాడు సర్ వాల్టర్ మాంక్టన్ అను ఇంగ్లీషు బారిష్టరు. భారతదేశపు భవితవ్యమును ఒక లండను న్యాయవాది సంచిలో వేసికొని తిరుగవలసివచ్చుట ఆనాటి చిత్రములలో నొకటి. 1947 అక్టోబరు చివర నొక తెల్లవారుజామున రజాకార్ల ప్రేరణచే గుమికూడిన జనము మాంక్టను, ఛత్తారీ నవాబు, సర్ సుల్తాన్ అహమ్మదుల యిండ్లను చుట్టుముట్టి వారిని ఢిల్లీకి కదలనీయలేదు. తుదకు నవంబరు 29న యథాతథపు ఒడంబడిక ఒక సంవత్సరమునకు జరిగెను. దాని రెండవ నిబంధన ప్రకారము ఉభయ ప్రభుత్వములు ఒకరి రాజధానికి మరియొకరు ఏజెంటును పంపుకొనవలెను. ఏజెంటు ఏమి చేయవలెనో ఆ నిబంధన చెప్పలేదు. ఒడంబడిక చక్కగా అమలు జరుగుటకు అని మాత్రమే చెప్పెను. సార్వభౌమాధికారము చెలాయింపరాదని తరువాతి నిబంధన చెప్పెను.

ఈ చిన్న లోపము ఎంత దూరము పోయినదో చూడుడు. 1948 జనవరి మొదట కె.ఎం. మున్షీ భారత ఏజెంటు జనరలుగా హైదరాబాదు చేరెను. పూర్వపు రెసిడెన్సీ భవనమున అతడు కాలు మోపుటకు నిజాము ఒప్పుకొనలేదు. ఆ మేడ చూచిన ప్రజకు పాత పెత్తనము జ్ఞాపకము వచ్చునని భయము. మున్షీ బొలారములో కాపురము పెట్టవలసివచ్చెను. అతడు వర్తక విషయములు చూచుకొను ఉద్యోగి మాత్రమేనని లాయఖ్ ఆలీ మంత్రివర్గము వాదము. ఒడంబడిక ఎట్లు నడచుచున్నదో కనిపెట్టి ఢిల్లీకి తెలుపు భారత ప్రతినిధినని మున్షీ వాదము. ఒడంబడికలో సమాధానము లేదు గావున ఇద్దరును తమకు తోచినట్లు చేసిరి. ఈ పేరుల తగవు సాగుచుండగనే నిజాము సర్కారు పాకిస్తానునకు ఇరువది కోట్ల రూపాయల భారత ప్రభుత్వ పత్రములను అప్పుగా నిచ్చెను, సిడ్నీ కాటన్ అను ఆస్ట్రేలియా వైమానికుడు కరాచీనుండి ఆయుధములు దింపెను, గ్రామములు దగ్ధమయ్యెను, బెజవాడకు, జగ్గయ్యపేటకు గోనెసంచులలో సామాను కట్టుకొని వచ్చిన కుటుంబములకు మన తీరమువారు గంజి పోసిరి. ఆ జనమునకు మున్షీ హోదా ఏమిటో తెలియదు, తెలిసికొనవలసిన పనియు లేదు. మా ఊరిలో నిప్పు పెట్టినప్పుడు ఎవరితో చెప్పుకొనవలెనని మాత్రమే వారడిగిరి. దానికి సమాధానము సెప్టెంబరు 13న సైన్యము సరిహద్దు దాటినప్పుడు గాని రాలేదు.

సెప్టెంబరు 17న నిజాము లొంగిపోయెను. ఆ ముందుదినముననే పారిసులో భద్రతాసమితియెదుట హైదరాబాదు ప్రతినిధివర్గము తమ మొర వినిపించియుండెను! దానికి నాయకుడు మొయిన్ నవాజ్ జంగు. ఇతని సంగతి ఇంకొకటి గలదు. ఆ సెప్టెంబరులోనే లండనులో నిజాము పేరనున్న పదిలక్షల పౌండ్లకు పైబడిన సొమ్మును ఇతడు ఆనాటి పాకిస్తాను హైకమిషనరు రహింతులా పేరునకు మార్పించెను. నిజాము తన సొమ్ము తనకిమ్మనెను. పాకిస్తాను మాది యనెను. బ్యాంకు ఎవరికిని ఈయలేదు. పరప్రభుత్వముమీద దావా సాగదని 1957లో లండను ప్రభువులసభ తీర్పు చెప్పుటతో వ్యాజ్యము మూలబడెను. మరల కదలి, 2019 అక్టోబరు 2న భారతదేశమునకును నిజాము వారసులకును అనుకూలముగా తీర్పు వచ్చునప్పటికి ఆ సొమ్ము వడ్డీలతో మూడున్నర కోట్ల పౌండ్లయినది. ఒక దూత సంతకమునకు అధికారమున్నదా లేదా యని తేలుటకు 71 సంవత్సరములు పట్టెను. సంతకము పెట్టినవాడు, పెట్టించుకొన్నవాడు, దావా వేసిన నిజాము, అందరును గతించిరి. పది లక్షల పౌండ్లు గనుక డెబ్బదియేండ్లు ఓర్చుకొని వకీళ్లను పోషించిరి. ఆరు నెలల కూలి రావలసిన వానికి అట్టి యోపిక ఎక్కడిది?

సందిగ్ధస్థితి యెల్లప్పుడు చెరుపే యని యనుటలేదు. యానాము దానికి ఉదాహరణము. శారదా శాసనము వచ్చిన తరువాత మన మండలములవారు పిల్లల పెండ్లిండ్లకు ఫ్రెంచి యానాము పోయి దానికి కల్యాణపురమని పేరు తెచ్చిరి. ఆ ముచ్చట యట్లుండనిండు. 1954 జూన్ 13న దడాల రఫేల్ రమణయ్య ప్రభృతులు అక్కడ పరిపాలనను హస్తగతము చేసికొనిరి. నవంబరు 1న పుదుచ్చేరితో పాటు యానాము వాస్తవముగా భారతదేశము చేతికి వచ్చెను. ఒడంబడిక 1956 మేలో వ్రాయబడినను, ఫ్రెంచివారు దానిని ఆమోదించి చట్టపు లాంఛనము ముగియుట 1962 ఆగస్టు 16న. ఎనిమిది సంవత్సరములు ఆ పురము కాగితముపైన ఫ్రాన్సుది, చేతలలో మనది. అయినను ప్రజ నష్టపడలేదు. ఏలయన, కాగితము ఎవరిదైనను, పోలీసు, న్యాయస్థానము, పన్ను వసూలు ఎవరివో నవంబరు 1 సాయంకాలమునకే అందరికిని తెలిసినది. పేరు తేలకున్నను పూచీ తేలినది.

ఇక తైవాను. ఆ దేశపు కర్మాగారములలో, చేపల పడవలమీద, వృద్ధుల యిండ్లలో ఇండోనేషియా, వియత్నాము, ఫిలిప్పీన్సు, థాయి దేశములవారు ఏడు లక్షలకు పైబడి పనిచేయుచున్నారు. దళారులకు చెల్లించు రుసుములు తమ మొదటి సంవత్సరపు సంపాదనను మ్రింగివేయుచున్నవని వారు చిరకాలముగా మొరపెట్టుచున్నారు. మన ఒప్పందము జరిగిన కొలది దినములకే, 2024 మార్చిలో, అక్కడి కార్మికమంత్రిణి ఈశాన్య భారతమువారి చర్మవర్ణము, ఆహారము తమవానికి దగ్గరగా నున్నవి గావున ముందు వారిని పిలుతుమని పలికి, అన్ని వైపులనుండి విమర్శ రాగా క్షమాపణ చెప్పుకొనెను. క్షమాపణ వచ్చినది, సంతోషమే. కాని గోదావరి ఎండలో నల్లబడిన మన కుర్రవాడు అక్కడి గుమ్మము తొక్కినప్పుడు ఆ మనస్సు మారియుండునని నమ్మి యూరకుందుమా?

తైవాను వర్తకులు మన రాష్ట్రమునకు క్రొత్తవారు కారు; తడవద్ద బూట్ల కర్మాగారము, శ్రీసిటీలో ఫాక్స్‌కాన్ పని ఎరిగినవే. వారికి చిక్కు వచ్చినచో మంత్రుల తలుపులు తెరచియే యుండును. పెట్టుబడికి లభించు నాదరము చెమటకును లభింపవలెను. అందుకు ఢిల్లీ ప్రభుత్వము చేయవలసినవి పెద్ద పనులు కావు. ఒప్పందపు షరతులు తెలుగులో ప్రకటించి ప్రతి తహసీలు కార్యాలయమున అంటింపవలెను. 1983 నాటి వలస చట్టము క్రింద లైసెన్సు పొందిన దళారులెవరో, వారు పుచ్చుకొనదగిన రుసుమెంతయో ఆ కాగితముమీదనే యుండవలెను. తైపేలోని మన ‘అసోసియేషన్’ను ఏ పేరుతోనైన పిలువనిండు, చీనాకు కోపము రాకుండ బోర్డుమీద ఏమైన వ్రాసికొననిండు; కాని కార్మికుని ఫిర్యాదు పుచ్చుకొని, యజమానిని పిలిపించి, జీతము రాబట్టు అధికారము ఆ కార్యాలయమున ఏ యుద్యోగికి గలదో వ్రాతమూలకముగా చెప్పవలెను. ఆ యుద్యోగి ప్రక్కన తెలుగు తెలిసిన గుమాస్తా యొకడుండవలెను. ఒక శవమును ఇంటికి చేర్చవలసివచ్చినచో ఖర్చు ఎవరిదో ముందే తేలియుండవలెను.

ఈ డెల్టానుండి పార్లమెంటునకు పోవు సభ్యులు అయిదుగురు గలరు: రాజమహేంద్రవరము, కాకినాడ, అమలాపురము, నరసాపురము, ఏలూరు. వచ్చు సమావేశములో ఈ ప్రశ్నలు అడుగుట వారి వంతు. అడిగినదియు, దానికి మంత్రిగారు చెప్పినదియు ఈ పుటలోనే అచ్చువేయుదుము.