పేదకే గడువా?

ఘటన జరిగి ఏడాది దాటితే మానవ హక్కుల కమిషన్ దానిపై విచారణ చేపట్టకూడదు. 1993 నాటి మానవ హక్కుల పరిరక్షణ చట్టం 36వ సెక్షన్ పెట్టిన గడువు ఇది. బాధితుడికి ఇంత కచ్చితంగా లెక్క కట్టిన చట్టం, కమిషన్‌లో కుర్చీలు ఎన్నాళ్లు ఖాళీగా ఉండవచ్చో మాత్రం చెప్పలేదు. ఆ సందులోంచే తెలంగాణలో రెండు ప్రభుత్వాలు జారుకున్నాయి. 2019 డిసెంబర్‌లో నియమించిన రాష్ట్ర కమిషన్ మూడేళ్ల పదవీకాలం 2022 డిసెంబర్‌లో ముగిసింది. జస్టిస్ షమీమ్ అక్తర్ ఛైర్మన్‌గా కొత్త కమిషన్ వచ్చేసరికి 2025 ఏప్రిల్ అయింది. మధ్యలో సుమారు 28 నెలలు వినే నాథుడు లేడు. అందులో మొదటి ఏడాది బీఆర్ఎస్ పద్దు, మిగతా 16 నెలలు కాంగ్రెస్ పద్దు.

ఇది అనుకోకుండా వచ్చిపడిన ఖాళీ కాదు. కమిషన్ ఏ నెలలో దిగిపోతుందో నియమించిన రోజే తెలుసు. పేర్లు ఖరారు చేయడానికి ముఖ్యమంత్రి, హోంమంత్రి, ఉభయ సభల అధ్యక్షులు, ప్రతిపక్ష నేతలు ఒక పూట కూర్చుంటే చాలు. ఆ ఒక్క పూట దొరకలేదంటే నమ్మేదెవరు? పైగా సమాచార కమిషన్‌నూ 2023 ఫిబ్రవరి నుంచి 2025 మే వరకు అట్లాగే ఖాళీగా వదిలేశారు. అన్యాయం జరిగిందని మొరపెట్టుకునే తలుపు, ఎందుకు జరిగిందని అడిగే తలుపు రెండూ ఒకేసారి మూతపడ్డాయి.

దీని దెబ్బ ఎవరికి తగిలిందో తెలియాలంటే నార్కట్‌పల్లి దాకా రావాలి. హైదరాబాద్–విజయవాడ రహదారి నుంచి అద్దంకి రోడ్డు చీలే చోటు ఇది. లారీలు, బస్సులు, హోటళ్లతో రాత్రింబవళ్లు మెలకువగా ఉండే ఇలాంటి చోట, హమాలీకో, హోటల్లో గిన్నెలు కడిగే మనిషికో హక్కుల గండం రాజ్యాంగ చర్చ రూపంలో రాదు. చేసిన పనికి కూలి ఎగ్గొడతారు. దొంగతనం అంటగట్టి స్టేషన్‌కు పిలిపిస్తారు. కాగితం మీద ఎక్కడా పేరు రాయకుండా రాత్రంతా కూర్చోబెడతారు. ఫిర్యాదు ఇవ్వబోతే కేసు రాయకుండా ‘మీరూ మీరూ మాట్లాడుకోండి’ అని పంపేస్తారు. కులం మాటొస్తే పెద్దమనుషుల పంచాయితీ పెట్టి తప్పు కట్టిస్తారు.

అటువంటి మనిషికి కమిషన్ ఎందుకంటే, అక్కడ కోర్టు ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు, తెలుగులో రాసి పోస్టులో వేసినా అర్జీయే. కమిషన్ చేసేది సిఫార్సే కావచ్చు. కానీ అది పిలిస్తే ఎస్సై సంజాయిషీ రాసివ్వాలి. పేదవాడికి ఆ సంజాయిషీయే పెద్ద రక్షణ. విచారణ ఉందని హైదరాబాద్ పోవాలంటే ఇక్కడి నుంచి ఎనభై కిలోమీటర్ల పైమాట. 2025–26లో ఉపాధి హామీ రోజు కూలి 307 రూపాయలు. ఆ కూలి పోగొట్టుకుని, ఛార్జీలు పెట్టుకుని పోయినవాడికి ఖాళీ కుర్చీ చూపించడం కంటే క్రూరత్వం ఏముంటుంది?

పోలీసు స్టేషన్ గోడ మీద ఉండాల్సిన బోర్డు ఒకటుంది. ప్రతి స్టేషన్‌లో సీసీ కెమెరాలు పెట్టాలని 2020 డిసెంబర్‌లో పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో చెప్పిన సుప్రీంకోర్టు, ఆ సంగతి తెలిపే పెద్ద బోర్డు స్థానిక భాషలో పెట్టాలనీ చెప్పింది. హక్కుల ఉల్లంఘన జరిగితే మానవ హక్కుల కమిషన్‌కో, మానవ హక్కుల కోర్టుకో, ఎస్పీకో ఫిర్యాదు చేయవచ్చని అందులో ఉండాలి. దృశ్యాలను కనీసం ఆరు నెలలు భద్రపరుస్తామనీ ఉండాలి. ఇప్పుడు లెక్క చూడండి. ఆరు నెలలకు సాక్ష్యం చెరిగిపోవచ్చు, ఏడాదికి ఫిర్యాదు చెల్లకుండా పోవచ్చు, కమిషన్ మాత్రం 28 నెలలకు వచ్చింది. 2023 జనవరిలో దెబ్బలు తిన్నవాడు ఈ లెక్కలో ఎక్కడ?

ఈ భయం ఉత్త ఊహ కాదు. 2021 జూన్‌లో ఉమ్మడి నల్లగొండలోని అడ్డగూడూరు స్టేషన్‌లో, దొంగతనం ఆరోపణపై తీసుకొచ్చిన దళిత మహిళ ప్రాణాలు కోల్పోయింది. వంటపని చేసుకుని బతికే మనిషి. గొడవ రాష్ట్రమంతా పాకింది, వ్యవహారం హైకోర్టుకెక్కింది, ఎస్సైనీ ఇద్దరు కానిస్టేబుళ్లనూ సర్వీసు నుంచి తొలగించారు. ప్రాణం పోయింది కాబట్టి అంత కదలిక. చెంపదెబ్బతో, విరిగిన వేలితో ఇంటికి చేరినవాడి కోసం హైకోర్టుకు ఎవరు పోతారు?

కార్యాలయం మూయలేదు కదా, కోర్టులు ఉన్నాయి కదా అని సర్కారు అనవచ్చు. అర్జీ మీద ముద్ర కొట్టడం వేరు, విచారించడం వేరు. ఇక కోర్టుల సంగతి: జిల్లాకో సెషన్స్ కోర్టును మానవ హక్కుల కోర్టుగా నిర్దేశించవచ్చని అదే చట్టం 30వ సెక్షన్ చెబుతుంది. ఏ నేరాలు విచారించాలో, ఏ పద్ధతిలో విచారించాలో మాత్రం స్పష్టం చేయలేదు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వలేదంటారు. ఇక్కడ వరమే సగం రాసిచ్చారు.

చేయాల్సింది కొండలు పిండి చేసే పని కాదు. ఖాళీ కాలంలో అందిన ప్రతి అర్జీకీ అందిన తేదీనే లెక్కలోకి తీసుకుని కమిషన్ విచారించాలి. కుర్చీలు ఖాళీగా ఉన్న రోజులను ఏడాది గడువు నుంచి మినహాయించేలా 36వ సెక్షన్ సవరించాలని శాసనసభ కేంద్రాన్ని కోరాలి. కమిషన్ నల్లగొండ, మహబూబ్‌నగర్‌లలో క్రమం తప్పకుండా కూర్చోవాలి. సుప్రీంకోర్టు చెప్పిన బోర్డు నార్కట్‌పల్లి సహా ప్రతి స్టేషన్‌లో ఉందో లేదో ఎస్పీలు చూసి చెప్పాలి. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, నిర్బంధంలో ఉన్నవారికి ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయ సహాయం అందుతుందని, దానికి 15100కు ఫోన్ చేస్తే చాలని ఆ బోర్డు మీదే రాయాలి.

ఇప్పుడున్న కమిషన్ మూడేళ్లు 2028 ఏప్రిల్‌లో నిండుతాయి. అప్పటికి అధికారంలో ఎవరున్నా, ఆ ఏడాది జనవరి కల్లా కొత్త పేర్లు ఖరారు చేయాలి. ఈసారి ఒక్క రోజు ఖాళీ ఉన్నా దాన్ని జాప్యం అనడానికి వీల్లేదు, అది నిరాకరణే.