ట్యాంకులోని గారను తేలిగ్గా తీసుకోకండి

ఎడారుల్లో ఎండకు మాడే బండల మీద నల్లగా నిగనిగలాడే పొర ఒకటుంటుంది. చాలాచోట్ల వెంట్రుక మందం దాటదు. మాంగనీసు, ఇనుము, మట్టి రేణువులు వేల ఏళ్లుగా పేరుకుని ఏర్పడిన పొర అది. అందులోనూ సూక్ష్మజీవులు కాపురముంటున్నాయి. ఎండ దెబ్బను తట్టుకోవడానికి అవి మాంగనీసును ఒంట్లో పోగేసుకుంటాయనీ, చచ్చాక అదే బండ మీద మిగులుతుందనీ 2021లో అమెరికాలో ఉషా లింగప్ప, ఆమె సహచరులు వివరించారు.

సూక్ష్మజీవి అక్కడే బతగ్గలిగితే, మార్కాపురం, గిద్దలూరు, కంభం ఇళ్ల మీది నీళ్ల ట్యాంకు దానికి ఎంత సుఖమైన చోటో ఆలోచించండి.

మన బోరు నీళ్లు కఠినమైనవి. బిందెకు, పంపుకు, ట్యాంకు గోడకు తెల్లటి గార పట్టడం మనకు కొత్త కాదు. కొత్త కాదు కాబట్టే భయం పోయింది. ఆ గార నున్నగా ఉండదు, గుంటలు గుంటలుగా ఉంటుంది. ఆ గుంటల్లో క్రిములు చేరతాయి. చుట్టూ జిగురు అల్లుకుంటాయి. బ్లీచింగ్ పౌడరు కలిపితే నీటిలో తేలే క్రిములు చస్తాయి. పొర లోపల దాక్కున్నవి చాలావరకు బతికిపోతాయి. ట్యాంకరు నీళ్లు ధారగా పడినప్పుడు ఆ పొర పెచ్చులూడి మన గ్లాసులోకి వస్తుంది.

గుర్తులు చూడండి. ట్యాంకు గోడను వేలితో తాకితే జారుతోందా? పంపు నుంచి గోధుమరంగు పీచు, నల్లటి నలకలు పడుతున్నాయా? పొద్దున్నే పట్టిన నీళ్లు మట్టివాసన వేస్తున్నాయా? బోరు గొట్టంలో పేరుకునే గోధుమరంగు బంక ఇనుమును తిని బతికే బ్యాక్టీరియా పని. అది తనంత తానుగా జబ్బు తేవడం అరుదు. కానీ జబ్బు తెచ్చే వాటికి చోటిస్తుంది, క్లోరిన్‌ను మింగేస్తుంది.

బోరు నీటిలోని ఫ్లోరైడ్ భయంతో క్యాను నీళ్లు కొనుక్కుంటున్నాం. కొనక తప్పదు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించిన ఫ్లోరైడ్ పళ్లనూ ఎముకలనూ పాడుచేస్తుంది. కాచినా పోదు, నీరు ఆవిరయ్యేకొద్దీ ఇంకా చిక్కబడుతుంది. ఆర్వో యంత్రం ఫ్లోరైడ్‌ను చాలావరకు తీసేస్తుంది. కానీ ఆ నీటిలో క్లోరిన్ మిగలదు. కడగని క్యానులో పోసి ఎండలో పెడితే పాచి పట్టడానికి అడ్డేముంది? ప్లాంటు నడిపే అన్నలారా, మీ పిల్లలూ ఆ నీళ్లే తాగుతారు. క్యాను లోపల బ్రష్‌తో రుద్దించండి. పైపైన కడిగి ఇవ్వకండి.

ఇక ప్రాణం మీదికి తెచ్చే సంగతి. గార వదలడం లేదని యాసిడ్ పోస్తారు, వెంటనే బ్లీచింగ్ చల్లుతారు. దయచేసి ఆ పని చేయకండి. ఆ రెండూ కలిస్తే క్లోరిన్ విషవాయువు పుడుతుంది. మూసిన సంపులో అయితే మనిషి బయటికి రావడమే కష్టం. లోపల పడిపోయినవాణ్ణి లాగబోయి రెండోవాడూ పడిపోతాడు. యాసిడ్ జోలికే వెళ్లకండి. నీళ్లు తోడేసి, గట్టి బ్రష్‌తో గార రాలగొట్టండి. ఆ మురికినంతా బయటికి తోడి, కడిగాకే బ్లీచింగ్ కలపండి. వెయ్యి లీటర్లకు మంచి పౌడరు రెండున్నర గ్రాములు, కలిపాక గంట ఆగాలి. గార తీయకుండా ఎంత పౌడరు పోసినా వృథాయే. సంపులోకి దిగేముందు మూత తీసి గాలి ఆడనివ్వండి. ఒంటరిగా దిగకండి, పైన ఒక మనిషి ఉండాలి.

వెలిగొండ ప్రాజెక్టు నీళ్లు ఇంటింటికీ అందేదాకా బోరూ ట్యాంకరే మనకు దిక్కు. ఎండాకాలం ముదిరితే ట్యాంకు కడగడానికి నీళ్లు మిగలవు. అందుకే ఇప్పుడే కడగండి. బడి ట్యాంకు, అంగన్‌వాడీ ట్యాంకు ఎప్పుడు కడిగారో వెళ్లి అడగండి. మూతలు బిగించమనండి.

ఇంత చేసినా ఇంట్లో పసివాడికి విరేచనాలు పట్టుకుంటే ఆలస్యం వద్దు. కాచి చల్లార్చిన లీటరు నీటిలో ఆరు టీ చెంచాల పంచదార, అర టీ చెంచా ఉప్పు కలిపి కొంచెం కొంచెంగా తాగిస్తూ ఆసుపత్రికి తీసుకెళ్లండి. చెంచాలు తలకొట్టి కొలవండి, ఉప్పు ఎక్కువైతే ప్రమాదం. కళ్లు లోపలికి పోయినా, మూత్రం తగ్గినా, పిల్లవాడు మగతగా పడి ఉన్నా తెల్లవారేదాకా ఆగకండి.