రాష్ట్రం వచ్చింది, మున్సిపాలిటీ ఎప్పుడొస్తది?

హైదరాబాద్‌లో ఏ పాత ఇంట్ల అడుగు పెట్టినా కాళ్ల కింద తాండూరు బండ చల్లగా తగులుతది. ఆ బండను తీసిన ఊర్లో మాత్రం లారీ పోతే దుమ్ము, వాన పడితే బురద. మన కందులకు 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మన రోడ్లకు గుర్తింపు ఎప్పుడు?

తాండూరు నిన్న మొన్నటి ఊరు కాదు. వాడి–సికింద్రాబాద్ రైలు మార్గం 1874లోనే ఈ దారిన పడింది. పైగా కుటుంబపు వికారుల్ ఉమ్రా పేరు మీద వికారాబాద్ వెలసింది. అనంతగిరి కొండల్లో పుట్టిన మూసీ హైదరాబాద్‌కు పోతుంటే, మన కాగ్నా పడమటికి పోయి భీమాలో కలుస్తది. తెలుగు, ఉర్దూ, కన్నడం మూడూ మాట్లాడే బజారు మనది.

ఈ ఊరి గురించి నిర్ణయాలు మాత్రం ఎప్పుడూ ఎక్కడో జరిగినయి. 1956 దాకా మనం గుల్బర్గా జిల్లా. రాష్ట్రాలను విడదీసినప్పుడు గుల్బర్గా మైసూరుకు పోయింది, తాండూరు, కొడంగల్ తాలూకాలు ఆంధ్రప్రదేశ్‌కు వచ్చినయి. తర్వాత మనం హైదరాబాద్ జిల్లా, 1978లో రంగారెడ్డి, 2016లో వికారాబాద్. పేరు మారిన ప్రతిసారీ మనల్ని ఎవరడిగిండ్రు?

నార్వేకు పడమట సముద్రంలో ఉట్సిరా అనే చిన్న దీవి ఉంది. ఆరు చదరపు కిలోమీటర్లు, దాదాపు రెండు వందల మంది. మన ఊర్లో ఒక గల్లీ అంత జనం. ఒడ్డున ఉన్న మున్సిపాలిటీ నుంచి విడిపోయి 1924లో వాళ్లు సొంత మున్సిపాలిటీ పెట్టుకున్నరు. 1925 ఎన్నికల్లో పన్నెండు సీట్లకు పదకొండు ఆడవాళ్లే గెలిచిండ్రు. ఆసా హెల్గెసెన్ నార్వేలోనే తొలి మహిళా మేయర్ అయింది. రెండు వందల మందికి మున్సిపాలిటీ ఎందుకని అక్కడి సర్కారు దాన్ని రద్దు చేయలేదు.

2011 లెక్కల్లో తాండూరు జనం 65 వేలు. మనకేం దక్కింది? అయిదేండ్ల గడువు తీరకముందే మున్సిపల్ ఎన్నికలు పూర్తి కావాలని రాజ్యాంగం 243యూ అధికరణం చెప్తున్నది. కానీ ఉమ్మడి రాష్ట్రంలో 2010లో గడువు తీరితే 2014 దాకా ఎన్నికల్లేవు. సరే, అది పరాయి పాలన అనుకున్నం. మరి మన రాష్ట్రంలో? 2019 జూలైలో గడువు తీరితే 2020 జనవరి దాకా ఆగినం. 2025 జనవరిలో తీరితే మళ్లా ప్రత్యేకాధికారులే వచ్చిండ్రు. అధికారి మంచోడే కావచ్చు. కానీ నల్లా రాకపోతే ఆయన ఇంటి ముందు కూసునే హక్కు మనకు లేదు, కౌన్సిలర్ ముందు ఉంది. ఆడవాళ్లకు చట్టం సగం సీట్లిచ్చింది. కుర్చీయే ఖాళీగా ఉంటే సగం ఎక్కడిది?

గనుల మీద రాయల్టీ ఎంతో తేల్చేది సర్కారు, వసూలు చేసేది సర్కారు. ఆ రాళ్ల లారీలు తొక్కిన రోడ్డును బాగు చేయాలంటే మాత్రం మున్సిపాలిటీ ఇంటి పన్ను పైసలు లెక్కపెట్టుకోవాలె, లేకుంటే హైదరాబాద్ దిక్కు చూడాలె. మన నీళ్లు, మన నిధులు అని కొట్లాడింది రాజధాని దాకా తెచ్చి ఆపడానికా?

మనం అడిగేవి రెండే. గడువు తీరే రోజుకు కొత్త పాలకవర్గం కుర్చీలో ఉండాలె, ఒక్క రోజు కూడా ఖాళీ ఉండొద్దు. మన బండ మీద వచ్చే పైసల్లో ఊరి వాటా ఎంతో చట్టంలోనే రాయాలె, ఎవరి దయ మీదా వదిలిపెట్టొద్దు.

2014 జూన్ 2న రాష్ట్రం తెచ్చుకున్నం. చిన్నదైతే పాలన దగ్గరయితదని చెప్పి తెచ్చుకున్నం. ఆ మాట తాండూరు వార్డు దాకా వచ్చిన రోజే నిజమయితది.