మూడో తరగతి ఊళ్ళోకి పోయింది

(పేట నుంచి – 17)

ఈ వారం హాస్టళ్ళ మీద రాస్తానని చెప్పాను. అది వచ్చే వారానికి పెట్టుకుందాం. ఈలోగా మా పిన్ని కూతురి పిల్ల, నా మేనకోడలు, మూడో తరగతిలోకి వచ్చింది.

అందులో రాయడానికేముంది అనకండి. కొల్లేటి అంచున ఉన్న మా పేటలో బడి ఉంది. నాడు–నేడులో టైల్సు వేశారు, మరుగుదొడ్లు కట్టారు, గోడల మీద ఏనుగు బొమ్మలు వేశారు. అన్నీ ఉన్నాయి గానీ, ఆ బడిలో ఇప్పుడు ఒకటీ రెండూ తరగతులే మిగిలాయి. మూడు నుంచి ఊళ్ళో బడికి పోవాలి. కాగితం మీద దూరం కిలోమీటరు లోపే.

జూన్ 12న బళ్ళు తెరిచిన రోజు పిల్లతో పాటు నేనూ నడిచాను. పేట దాటగానే చేపల చెరువు గట్టు. గట్టు మీద మేత లారీ ఎదురైతే పక్కకి తప్పుకోవడానికి జానెడు చోటు ఉండదు, ఒకవైపు నీళ్ళు, ఇంకోవైపు బోదె. గట్టు దిగితే మురుగు డ్రెయిన్, దాని మీద పిట్టగోడ లేని చప్టా. తర్వాత తారు రోడ్డు, ఐసు బళ్ళు. ఆ తర్వాత ఊరు. మొత్తం ఇరవై ఎనిమిది నిమిషాలు పట్టింది. అదీ వాన లేని రోజున, మేనమామ చెయ్యి పట్టుకుని.

మరి తొమ్మిది వందల మీటర్లు ఎలా అయ్యాయి? ఫోనులో మ్యాపు తెరిచి, పేట బడి నుంచి ఊరి బడికి చెరువు మీదుగా గీత గీస్తే అంతే వస్తుంది. ఆ గీత వెంబడి బడికి వెళ్ళాలంటే మా పిల్లలు ఆటపాక గూడబాతులై పుట్టాలి.

ఊళ్ళోకి అడుగు పెట్టాక అరుగు మీద పెద్దాయన ఒకాయన పిల్లని పిలిచి, "ఎవరి మనవరాలివే?" అన్నాడు. చెప్పింది. "ఏ పేట?" అన్నాడు. చెప్పింది. నాలుగడుగులు వేశాక అడిగింది: "మావయ్యా, ఆ తాతకి మా తాత తెలుసుగా. వాళ్ళ చెరువులోనే కదా కాపలా. మళ్ళీ పేట ఎందుకు అడిగాడు?" ఎనిమిదేళ్ళ పిల్లకి ఏం చెప్పమంటారు? అటెండెన్సు పడకముందే ఆ రోజు మొదటి పాఠం అయిపోయింది.

ఈ దారిని మీటర్లలో కొలిచేవాళ్ళకి గరగపర్రు గుర్తు చేయాలి. తాడేపల్లిగూడేనికీ భీమవరానికీ దగ్గర్లోనే ఉంది ఆ ఊరు. 2017లో అంబేడ్కర్ విగ్రహం పెట్టబోతే మన వాళ్ళకి పనులు ఆపేసి, సాంఘిక బహిష్కరణ చేశారు. ఊరికీ పేటకీ మధ్య ఉన్న ఆ వంద గజాలు ఎంత దూరమో అప్పుడు రాష్ట్రమంతా చూసింది. పిల్లలు రోజూ రెండుసార్లు దాటాల్సిన దూరం అది.

ఇక లెక్కల్లోకి వద్దాం. రాజ్యాంగం వచ్చిన పదేళ్ళలో పద్నాలుగేళ్ళ లోపు పిల్లలందరికీ ఉచిత నిర్బంధ విద్య అని 45వ అధికరణంలో రాసుకున్నాం. పదేళ్ళు ఐదు పదులయ్యాక 2002లో 86వ సవరణతో 21ఏ వచ్చింది. 2009లో చట్టం చేశారు, 2010 ఏప్రిల్ 1 నుంచి అమలు. మన రాష్ట్ర నిబంధనల ప్రకారం ప్రాథమిక బడి కిలోమీటరు లోపు ఉండాలి. చట్టం షెడ్యూలులో ఇంకో మాట ఉంది, దాన్ని మన వాళ్ళు కంఠతా పట్టాలి: ఒకటి నుంచి ఐదు తరగతుల బడిలో పిల్లలు అరవై మంది లోపు ఉంటే ఇద్దరు టీచర్లు. అరవై లోపు అంటే పదిమంది ఉన్నా లోపే. ఏకోపాధ్యాయ పాఠశాల అనే మాట ఆ షెడ్యూలులో ఎక్కడా లేదు. మన మండలాల్లో అవి ఎన్ని ఉన్నాయో మీకు తెలుసు.

2021లో కొత్త విద్యా విధానం పేరుతో 3, 4, 5 తరగతులను హైస్కూళ్ళలో కలపడం మొదలైంది. మొదట 250 మీటర్ల లోపు అన్నారు, మరుసటేడు కిలోమీటరు అన్నారు. 2022 జూన్‌లో జీవో 117 వచ్చింది. టీచర్లు రోడ్డెక్కారు, తల్లులు బడి గేట్లకు తాళాలు వేశారు. ప్రభుత్వం మారాక 2025లో ఆ జీవో రద్దయింది. సంతోషించాం. కానీ హైస్కూలుకి వెళ్ళిన మా మూడో తరగతి మళ్ళీ పేటకి రాలేదు. ఊళ్ళోనే పెట్టిన మోడల్ ప్రైమరీ స్కూల్లో ఆగిపోయింది. పేట బడి 'ఫౌండేషన్ స్కూలు' అయింది. పునాది మా దగ్గర, మేడ వాళ్ళ దగ్గర.

ఇది ఎవరో బలవంతంగా చేశారని అనుకున్నాను. తీర్మానం పుస్తకం చూస్తే మన తల్లిదండ్రుల సంతకాలే ఉన్నాయి. వేలిముద్రలు కూడా. అడిగితే మా వదిన ఒకావిడ, "తరగతికో టీచర్ ఉంటారన్నారయ్యా. మా పిల్లలు ఒక్క మాస్టారి దగ్గర ఐదు తరగతులూ కుక్కుకుని చదవాల్నా?" అంది. ఆవిడ మాటలో తప్పేముంది? తరగతికో టీచర్ అనేది మంచి మాట. చెడ్డదల్లా, పేటలో ఉంటే ఒక్క మాస్టారు, తరగతికో టీచర్ కావాలంటే ఊళ్ళోకి రండి అనే బేరం. చట్టం ఇద్దరు టీచర్లను ఇక్కడే ఇమ్మంటోంది కదా అని ఆ మీటింగులో అడిగినవాళ్ళు లేరు. నేనూ లేను. ఆ రోజు ఏలూరులో ఏదో సెమినార్లో 'సమ్మిళిత విద్య' మీద మాట్లాడుతున్నాను. నవ్వుకోండి.

ఇక్కడ ఒక ప్రశ్న నన్ను చాలాకాలం తొలిచింది. మీలోనూ కొందరు ఇన్‌బాక్సులో అడిగారు. "అన్నా, పేట బడి అంటేనే అంటరానితనం పుట్టించిన బడి కదా, అది పోతే పోనీ, అందరూ ఒకే బడిలో చదవడమే కదా బాబాసాహెబ్ కోరింది" అని.

నిజమే. మా ప్రాంతంలో పేటలకు అక్షరం ముందు మిషన్లతో వచ్చింది. చర్చ్ మిషనరీ సొసైటీ ఏలూరులో దిగింది 1854లో. తర్వాత మద్రాసు ప్రభుత్వం లేబర్ డిపార్ట్‌మెంటు కింద పంచముల పిల్లలకు విడిగా బళ్ళు పెట్టింది. మా తాత చదివిన మూడు తరగతులూ 'లేబర్ స్కూల్లో'నే. ఊరి బడి అరుగు ఎక్కనివ్వలేదు కాబట్టే ఆ బడి పుట్టింది. దాన్ని చూసి మురిసిపోవాల్సిన పని లేదు.

కానీ ఇప్పుడు ఊరి బడిలోకి వెళ్ళి చూడండి. జూన్ 12న నేను బెంచీ బెంచీ చూశాను. మా పేట పిల్లలు, పక్క పేట పిల్లలు, వడ్డి కులస్థుల పిల్లలు, నలుగురైదుగురు చాకలి, మంగలి పిల్లలు. ఆ అరుగు మీద పెద్దాయన మనవడు లేడు. చెరువుల ఆసామి పిల్లలు లేరు. వాళ్ళు పొద్దున్న ఏడున్నరకి పసుపు బస్సు ఎక్కి కైకలూరుకో, ఏలూరుకో వెళ్ళిపోయారు. అంటే మేం కలిసింది ఎవరితో? ఊరు ఖాళీ చేసిన బడిలో మమ్మల్ని తీసుకెళ్ళి పెట్టారు. మా పేట బడే ఊరి మధ్యకి జరిగింది, అంతే. దూరం పెరిగింది, కులం తగ్గలేదు. ఈ విలీనానికి సమ్మిళితం అనే పేరు పెట్టొద్దు.

మరి పసుపు బస్సులో మన పిల్లలకి సీటు ఇచ్చే చట్టం లేదా? ఉంది. అదే విద్యాహక్కు చట్టం సెక్షన్ 12(1)(సి). ప్రైవేటు బళ్ళలో ఒకటో తరగతి సీట్లలో నాలుగో వంతు పేదలకు, వెనకబడినవారికి ఇవ్వాలి. సుప్రీంకోర్టు 2012లోనే సరే అంది. మన రాష్ట్రంలో హైకోర్టు మందలించాక గానీ, 2022–23 నుంచి గానీ కదలలేదు. పన్నెండేళ్ళ పిల్లలు ఆ గేటు ముందు నిలబడి పెద్దవాళ్ళయిపోయారు. ఆ 25లో ఎస్సీలకు 10, ఎస్టీలకు 4, అనాథలకూ హెచ్ఐవీ బాధిత, దివ్యాంగ పిల్లలకూ 5, మిగిలిన బలహీన వర్గాలకు 6. 2023లో ఇచ్చిన జీవో ఇంకో తమాషా చేసింది: ఆ సీటు ఫీజుని తల్లి తన అమ్మఒడి డబ్బులోంచి కట్టాలట. ఒకే రూపాయిని రెండు పథకాల పద్దులో రాయడం అంటే ఇదే.

ఏలూరు, గూడెం పట్టణాల పేటల్లో ఉన్నవాళ్ళు ఆ సీట్లు వదలొద్దు, నోటిఫికేషన్ రాగానే దరఖాస్తు పెట్టించండి. కానీ లంక గ్రామాల్లో ప్రైవేటు బడే లేదు, నాలుగో వంతు దేనిలో? 2024 సెప్టెంబరులో బుడమేరు వరద కొల్లేట్లోకి దిగినప్పుడు పెనుమాకలంక, నందిగామలంక లాంటి ఊళ్ళకి పడవలే దిక్కయ్యాయి. అక్కడి పిల్లకి పేటలో బడి తప్ప ఇంకో బడి లేదు.

చెరువు గట్ల మీద గుడిసెల్లో కాపలా ఉండే యానాది కుటుంబాల పిల్లలకి అదీ లేదు. ఈ ఏడు ఈ గట్టు, వచ్చే ఏడు ఇంకో గట్టు. పుట్టిన సర్టిఫికెట్ ఉండదు, ఆధార్ ఉండదు. వయసు రుజువు లేదని చేర్చుకోకపోవడం కుదరదని సెక్షన్ 14 చెబుతోంది. వయసుకు తగిన తరగతిలో చేర్చి, వెనకబడిన చదువు నేర్పించాలని సెక్షన్ 4 చెబుతోంది. ఆన్‌లైన్లో పేరు ఎక్కించే కంప్యూటరుకి మాత్రం ఈ రెండు సెక్షన్లూ తెలియవు.

డబ్బు సంగతికి వస్తాను. అమ్మఒడి అన్నా, తల్లికి వందనం అన్నా, తల్లి ఖాతాలో డబ్బు పడటాన్ని నేను తక్కువ చెయ్యను. రొయ్యల షెడ్డుకి తెల్లారుజామున ఆటో ఎక్కే మా చెల్లెలికి 13,000 అంటే ఏంటో నాకు తెలుసు. డబ్బు పడిన రోజు ఫోన్ చేసింది. "అన్నయ్యా, పిల్లని కాన్వెంట్లో వేసేయనా? వ్యాను పేట దాకా వస్తుందంట." ఆ డబ్బు ఫీజుకీ వ్యానుకీ దసరాకే అయిపోతుందని దానికీ తెలుసు. అయినా అడిగింది. ఎందుకంటే వ్యాను గుమ్మం దగ్గరికి వస్తుంది, సర్కారు బడి గుమ్మం నుంచి దూరం పోయింది. తల్లికి ఇచ్చే డబ్బు పిల్లని వ్యాను ఎక్కిస్తుంది. వ్యాను ఎక్కిన పిల్ల పేరు పేట బడి రిజిస్టరులో తగ్గుతుంది. పేర్లు తగ్గిన బడికి టీచర్ని తగ్గిస్తారు. టీచర్ తగ్గితే ఇంకో ఇద్దరు వ్యాను ఎక్కుతారు. చివరికి "మీ వాళ్ళే రావట్లేదు కదండీ" అంటారు.

మా వాళ్ళే రావట్లేదు, నిజం. నా కొడుకు ఏలూరులో ప్రైవేటు బళ్ళో చదువుతున్నాడు. ఈ మాట దాచి మీకు ఉపన్యాసం చెప్పలేను. మన నాయకుల్లో, ఉద్యోగుల్లో పేట బడి కోసం ఎవరూ గట్టిగా అరవకపోవడానికి కారణం కూడా అదే.

బడి పోతే ఇంకొకటి పోతుంది. మధ్యాహ్న భోజనంలో వంటకి దళితులకు, ఆదివాసీలకు ప్రాధాన్యం ఇవ్వమని సుప్రీంకోర్టు 2004 ఏప్రిల్‌లో చెప్పింది. మా పేట బళ్ళో మా మేనత్త వండేది. పిల్లలు తగ్గితే వంటమనిషి పనీ తగ్గుతుంది. ఊళ్ళో బడిలో వండేది వేరేవాళ్ళు. మా అత్త వంట ఊరి పిల్లలు తినే రోజు వస్తుందేమోనని నాకు ఒక ఆశ ఉండేది. ఊరి పిల్లలు బస్సెక్కారు, మా అత్త రొయ్యల షెడ్డుకి పోతోంది.

తాడేపల్లిగూడెంలో నిట్ వచ్చి పదేళ్ళయింది. ఆ గోడ పక్క నుంచి వెళ్ళినప్పుడల్లా నాకు ఫూలే గుర్తొస్తాడు. కష్టజీవుల పన్నుతో పైవాళ్ళ పైచదువులు నడుపుతున్నారు, ముందు కింది బడికి పెట్టండి అని 1882లోనే హంటర్ కమిషన్‌కి రాసిచ్చాడు. నిట్ వద్దనడం లేదు. ఆ గేటుకి పోయే దారి మా చప్టా మీద నుంచే మొదలవుతుంది అంటున్నాను.

విద్యార్థి మిత్రులకి ఒక పని. 2024 ఆగస్టులో ప్రతి సర్కారు బడికీ యాజమాన్య కమిటీ ఎన్నికలు జరిగాయి. మీ పేట నుంచి ఎవరు గెలిచారో కనుక్కోండి. మొన్న జూలై 10న మెగా పేరెంట్ టీచర్ మీటింగులో మనవాళ్ళు ఫొటోలో ఉన్నారు, మైకు దగ్గర లేరు. వాళ్ళ పక్కన కూర్చుని తీర్మానం చదివి వినిపించి, అప్పుడు సంతకం పెట్టించండి. ఐదు తరగతులూ పేటలోనే, ఇద్దరు టీచర్లతో, అని తీర్మానం రాయండి. అప్పటిదాకా సమగ్ర శిక్షలో దూరపు పిల్లలకు రవాణా భత్యం ఇచ్చే పద్దు ఉంది, దానికి దరఖాస్తు పెట్టండి.

మేం పెట్టాం. దరఖాస్తులో 'దూరం' అని ఒక గడి ఉంది. అక్కడ కూర్చున్నాయన "కిలోమీటరు దాటదండి మీది, రాదు" అన్నాడు. ఇరవై ఎనిమిది నిమిషాలు రాయమన్నాను. "నిమిషాలకి గడి లేదండి." పక్కన మార్జిన్లో చోటుంది. మా చెల్లెలు పెన్ను తీసుకుని అక్కడ రాసింది: ఇరవై ఎనిమిది నిమిషాలు, చెరువు గట్టు, పిట్టగోడ లేని చప్టా. ముద్ర వేయించుకుని రసీదు తెచ్చుకున్నాం. జవాబు వస్తే ఇక్కడే పెడతాను. హాస్టళ్ళ సంగతి వచ్చే వారం.