మన కాలేయం మాటేమిటి?

ఉద్దానం బాధలు చూశాక మా సిక్కోలు, విజయనగరం వైపు కిడ్నీ పరీక్షంటే అందరికీ తెలిసింది. కాలేయం అనగానే మాత్రం ‘తాగే మగాళ్ల జబ్బు కదా!’ అనేస్తాం. చుక్క ముట్టని ఆడవాళ్లకూ ఒళ్లూ, షుగరూ పెరిగితే కాలేయంలో కొవ్వు చేరుతుంది. కొందరిలో ఏళ్లు గడిచేకొద్దీ అది గట్టిపడుతుంది. నొప్పీ తెలియదు.

ఆ గట్టిదనాన్ని సూది గుచ్చకుండా కొలవొచ్చు. పక్కటెముకల దగ్గర చిన్నగా తడితే లోపలికి అల సాగుతుంది. కాలేయం గట్టిపడినకొద్దీ అల వేగం పెరుగుతుంది. ఆ వేగాన్ని అల్ట్రాసౌండు పట్టేస్తుంది. ఆరోగ్యవంతుల్లో సుమారు 5 కిలోపాస్కల్స్ ఉంటుంది. 3 గంటల ముందునుంచీ ఏమీ తినకూడదు.

అందరూ పరుగెత్తాలని నేననను. షుగరో, ఊబకాయమో ఉన్నవాళ్లు డాక్టర్ని అడగండి. ఆయన పరీక్షలకు విశాఖ బస్సెక్కే మనం, మన కోసం ఒక్కసారి ఎక్కకూడదా?